అణువు లోపల దూరాన్ని కొలిచే 'ఈఎస్ఆర్': శెనక్కాయ చేను జిప్సం నుంచి వజ్రకరూరు వజ్రం దాకా

ఈఎస్ఆర్ అనగానే చాలా ఇళ్ళల్లో రక్తపరీక్షే గుర్తుకొస్తుంది. జ్వరమో, కీళ్ళ నొప్పులో ఎంతకీ తగ్గకపోతే డాక్టర్ రాసే పరీక్ష అది. సన్నటి గొట్టంలో ఎర్ర రక్తకణాలు గంటలో ఎంత కిందికి దిగాయో చూసి రిపోర్టు ఇస్తారు. ఈ వ్యాసం దాని గురించి కాదు. సైన్సు ల్యాబుల్లో అదే పేరుతో ఇంకో ఈఎస్ఆర్ ఉంది. దాని పూర్తి పేరు ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్. కొన్ని పుస్తకాల్లో ఈపీఆర్, అంటే ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెజొనెన్స్ అని రాస్తారు. రెండూ ఒకటే.

ఈ పద్ధతితో చేసే పనుల్లో ఒకటి ఆశ్చర్యం కలిగించేది. ఒకే అణువులో రెండు చోట్ల మధ్య దూరం ఎంతో, నానోమీటర్లలో కొలిచి చెప్పడం. మన ఒంట్లోని ప్రొటీన్లు పని చేసేటప్పుడు ఎంత కదులుతాయి, మందు తగిలినప్పుడు వాటి ఆకారం ఎంత మారుతుంది అన్న ప్రశ్నలకు జవాబు ఈ కొలతలోంచి వస్తుంది.

అనంతపురం లాంటి కరువు సీమకూ దీనికీ సంబంధం ఏమిటి అనిపించవచ్చు. శెనక్కాయ చేనుకు రైతు చల్లే జిప్సం, వజ్రకరూరు నేలలో దొరికే వజ్రం, రెండూ ఈ సైన్సు చరిత్రలో ఉన్నవే. అక్కడి నుంచే మొదలుపెడితే విషయం సులువుగా అర్థమవుతుంది.

నానోమీటరు అంటే ఎంత?

ఒక మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మనిషి వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. డీఎన్ఏ మెలిక వెడల్పు 2 నానోమీటర్లు. రక్తానికి ఎర్ర రంగునిచ్చే హిమోగ్లోబిన్ అణువు 5, 6 నానోమీటర్లు ఉంటుంది.

లెక్క కళ్ళకు కట్టాలంటే ఒక శెనగ్గింజను తీసుకోండి. దాని పొడవు సుమారు ఒక సెంటీమీటరు అనుకుందాం. ఆ గింజను పెంచుకుంటూ పోయి, ఒక్కో నానోమీటరు ఒక్కో సెంటీమీటరు అయ్యేలా చేశామనుకోండి. అప్పుడు గింజ పొడవు 100 కిలోమీటర్లు అవుతుంది. అంటే దాదాపు అనంతపురం నుంచి హిందూపురం వెళ్ళినంత. అంత పెద్ద గింజలో, రెండు సెంటీమీటర్ల నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దాకా ఉండే చిన్న చిన్న దూరాలను మిల్లీమీటర్ల తేడాతో కొలవడమే ఇక్కడి పని.

దర్జీ టేపుతో కొలుస్తాడు, మేస్త్రీ మట్టగోలతో చూస్తాడు. అణువుకు టేపు పెట్టలేం. మామూలు మైక్రోస్కోపు కూడా పనికిరాదు. మన కంటికి కనిపించే వెలుతురు అలల పొడవే 400 నుంచి 700 నానోమీటర్లు. ఆ అలతో 5 నానోమీటర్ల దూరాన్ని చూడాలనుకోవడం, పారతో సూదిలో దారం ఎక్కించాలనుకోవడమే. అందుకే శాస్త్రవేత్తలు చూడటం మానేసి ఇంకో దారి పట్టారు. అణువులోని రెండు చిన్న అయస్కాంతాలు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా ప్రభావితం చేస్తున్నాయో కనుక్కుంటే, వాటి మధ్య దూరం తెలిసిపోతుంది.

జిప్సం చెప్పిన మొదటి పాఠం

అనంతపురం ఎర్ర నేలల్లో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్ది వానను నమ్ముకుని రైతులు వేరుశనగ వేస్తారు. పూత వచ్చి ఊడలు నేలలోకి దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని వ్యవసాయ శాఖ చెబుతుంది. కాయ గట్టిపడటానికి కాల్షియం, గింజలో నూనెకు గంధకం, రెండూ జిప్సం నుంచి అందుతాయి. వేయకపోతే తాలు కాయలు ఎక్కువవుతాయి.

జిప్సం పొడి చేతికి పొడిగానే తగులుతుంది కానీ దాని స్ఫటికాల్లో నీళ్ళు ఉంటాయి. ఒక్కో కాల్షియం సల్ఫేటుకు రెండేసి నీటి అణువులు స్ఫటికంలోనే బంధించి ఉంటాయి. ఒక్కో నీటి అణువులో రెండు హైడ్రోజన్లు. ఆ హైడ్రోజన్ల మధ్యలో ఉండే ప్రోటాన్లు రెండూ చిన్న చిన్న అయస్కాంతాలే.

1948లో జార్జ్ పేక్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఈ జిప్సం స్ఫటికాన్నే పరిశీలనకు తీసుకున్నారు. స్ఫటికాన్ని బలమైన అయస్కాంతం మధ్య పెట్టి రేడియో తరంగాలు పంపారు. ప్రోటాన్లు ఒంటరిగా ఉంటే ఒకే ఒక పౌనఃపున్యం దగ్గర తరంగాన్ని పీల్చుకోవాలి. కానీ ఆ గీత విడిపోయి కనిపించింది. కారణం సూటిగానే ఉంది. పక్కనున్న ప్రోటాన్ అయస్కాంతం కొన్నిసార్లు బయటి అయస్కాంతానికి తోడవుతుంది, కొన్నిసార్లు ఎదురు నిలుస్తుంది. ఆ తోడు, ఆ ఎదురు ఎంత బలంగా ఉన్నాయో గీతల మధ్య ఎడం చెబుతుంది. స్ఫటికాన్ని తిప్పుతూ ఆ ఎడాన్ని కొలిచి, నీటి అణువులో రెండు హైడ్రోజన్ల మధ్య దూరం 0.158 నానోమీటర్లు అని పేక్ లెక్క తేల్చారు.

ఇక్కడ దొరికిన సూత్రం గుర్తుంచుకోవలసింది. రెండు అయస్కాంతాల మధ్య ప్రభావం దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. దూరం రెండింతలైతే ప్రభావం ఎనిమిదో వంతు. మూడింతలైతే ఇరవై ఏడో వంతు. దూరం కొంచెం మారినా ప్రభావం చాలా మారుతుంది కాబట్టే ఇది మంచి కొలబద్ద అయింది. ఈనాటికీ అణువుల్లో దూరాలు కొలిచేవాళ్ళు తమ గ్రాఫుల్లో కనిపించే రెండు కొమ్ముల ఆకారాన్ని 'పేక్ పాటర్న్' అనే పిలుస్తారు. ఇదే పేక్ 1970లో కాలిఫోర్నియాలో మొదలైన జెరాక్స్ పార్క్ అనే ప్రసిద్ధ కంప్యూటర్ పరిశోధన కేంద్రానికి తొలి అధిపతి కూడా.

ప్రోటాన్ చాలలేదు, ఎలక్ట్రాన్ కావాలి

ప్రోటాన్ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. ప్రోటాన్ చాలా బలహీనమైన అయస్కాంతం. పక్క పక్కనే ఉంటే తెలుస్తుంది కానీ, 4, 5 నానోమీటర్ల దూరం వెళ్ళేసరికి దాని జాడ దొరకదు. ఎలక్ట్రాన్ అయస్కాంత బలం ప్రోటాన్ కంటే సుమారు 658 రెట్లు ఎక్కువ. రెండు ఎలక్ట్రాన్ల మధ్య ప్రభావం, అంతే దూరంలో ఉన్న రెండు ప్రోటాన్ల మధ్య ప్రభావం కంటే 4 లక్షల రెట్లకు పైగా ఉంటుంది. అంటే పెద్ద పెద్ద ప్రొటీన్ల లోపల కూడా ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలవవచ్చు.

ఎలక్ట్రాన్ల అయస్కాంత స్వభావాన్ని తరంగాలతో పట్టుకోవచ్చని మొదట చూపినవారు ఎవ్గెనీ జవోయిస్కీ. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, కజాన్ విశ్వవిద్యాలయంలో ఆ పని చేశారు. కజాన్ వోల్గా నది ఒడ్డున, టాటర్లు, రష్యన్లు కలిసి బతికే నగరం. ఇప్పుడు టాటర్‌స్తాన్ రాజధాని. జవోయిస్కీ వాడిన నమూనాలు రాగి, మాంగనీసు లవణాలు. రాగి లవణం అంటే మన రైతులకు తెలిసిన మైలుతుత్తం లాంటిది.

లవణాలే ఎందుకు? ప్రతి పదార్థంలోనూ ఎలక్ట్రాన్లు ఉన్నా, ఎక్కువ చోట్ల అవి జోడీలుగా ఉంటాయి. జోడీలో ఒకటి పైకి చూస్తే ఇంకోటి కిందికి చూస్తుంది. రెండింటి అయస్కాంతత్వం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. జోడీ లేని ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్నచోటే ఈఎస్ఆర్ పని చేస్తుంది. రాగి, మాంగనీసు అయాన్లలో అలాంటి ఒంటరి ఎలక్ట్రాన్లు ఉంటాయి. మన ఒంట్లోని ప్రొటీన్లలో ఎక్కువ వాటికి ఉండవు. ఇది మొదట్లో పెద్ద అడ్డంకి. తర్వాత ఇదే వరంగా మారింది.

ప్రొటీన్‌కు రెండు బొట్లు

ప్రొటీన్‌లో ఒంటరి ఎలక్ట్రాన్లు లేకపోతే, మనకు కావలసిన చోట మనమే పెడితే సరిపోతుంది. అప్పుడు పరికరానికి ఆ రెండే కనబడతాయి. మిగతా వేలాది పరమాణువులు అడ్డురావు. రద్దీగా ఉన్న జాతరలో ఇద్దరు పిల్లలకు మాత్రమే ఎర్ర టోపీ పెట్టి, దూరం నుంచి ఆ రెండు టోపీలనే చూసినట్టు.

ఈ టోపీని 'స్పిన్ లేబుల్' అంటారు. నైట్రాక్సైడ్ అనే చిన్న అణువు, దాని నైట్రోజన్, ఆక్సిజన్ మధ్య ఒక ఒంటరి ఎలక్ట్రాన్ స్థిరంగా ఉంటుంది. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో హార్డెన్ మెకానెల్ ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. ఆయన దగ్గర చదువుకున్న వేన్ హబ్బెల్, తర్వాత లాస్ ఏంజెలెస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దాన్ని ఖచ్చితమైన పద్ధతిగా మార్చారు. ప్రొటీన్ గొలుసులో ఏ చోట కావాలంటే ఆ చోట, జన్యువులో చిన్న మార్పు చేసి, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని పెడతారు. సిస్టీన్‌లోని గంధకం లేబుల్‌ను గట్టిగా పట్టుకుంటుంది. రెండు చోట్ల సిస్టీన్ పెడితే రెండు లేబుళ్ళు.

ఈ పనిలో హబ్బెల్‌తో కలిసి నడిచిన వారిలో హర్ గోవింద్ ఖొరానా ఒకరు. ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లోని రాయ్‌పూర్ అనే పల్లెలో 1922లో పుట్టి, 1968లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఆయన.

కొలత ఎలా జరుగుతుంది?

లేబుళ్ళు తగిలించిన ప్రొటీన్ ద్రావణంలో గ్లిజరిన్ లాంటిది కలిపి, చిన్న గాజు గొట్టంలో వేస్తారు. కొలతకు ఒక చుక్కంత నమూనా చాలు. దాన్ని సుమారు మైనస్ 223 డిగ్రీల చలికి గడ్డకట్టిస్తారు. ఆ గొట్టాన్ని అయస్కాంతం మధ్య పెట్టి మైక్రోవేవ్ పంపుతారు. సాధారణ పరికరంలో అయస్కాంత బలం 0.34 టెస్లా, మైక్రోవేవ్ పౌనఃపున్యం 9.5 గిగాహెర్ట్‌జ్. ఇంట్లో వంటకు వాడే మైక్రోవేవ్ ఓవెన్‌ది 2.45 గిగాహెర్ట్‌జ్. ఈ అయస్కాంతంలో ఎలక్ట్రాన్ స్పిన్ బొంగరం తల ఊపినట్టు తిరుగుతూ ఉంటుంది, సెకనుకు సుమారు 950 కోట్ల సార్లు.

అసలు కిటుకు 'ఎకో'లో ఉంది. ఒక వారపు సంత అయిపోయిందనుకోండి. జనమంతా ఒకేసారి బయల్దేరి ఎవరి నడక వేగంతో వాళ్ళు ఇళ్ళకు పోతున్నారు. అరగంట తర్వాత మైకులో పిలుపు వచ్చింది, అందరూ వెనక్కి తిరిగారు. వేగంగా నడిచేవాళ్ళు ఎక్కువ దూరం పోయి ఉంటారు, నెమ్మదిగా నడిచేవాళ్ళు దగ్గర్లోనే ఉంటారు. ఎవరి వేగంతో వాళ్ళు తిరిగి నడిస్తే, మరో అరగంటకు అందరూ ఒకేసారి సంతకు చేరతారు. చెదిరిపోయిన స్పిన్‌లు కూడా మైక్రోవేవ్ పిలుపుకు ఇలాగే తిరిగొచ్చి ఒక్క క్షణం కలుస్తాయి. అప్పుడు ఒక సంకేతం వెలువడుతుంది. దాన్నే స్పిన్ ఎకో అంటారు. 1950లో ఎర్విన్ హాన్ దీన్ని పరమాణు కేంద్రకాల్లో కనుగొన్నారు. ఎలక్ట్రాన్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు రెండో ఎలక్ట్రాన్ రంగంలోకి వస్తుంది. మొదటి ఎలక్ట్రాన్‌ను 'ఏ' అని, రెండోదాన్ని 'బీ' అని పిలుద్దాం. 'ఏ' నడుస్తుండగా, వేరే పౌనఃపున్యం ఉన్న మైక్రోవేవ్‌తో 'బీ'ని ఒక్కసారి తలకిందులు చేస్తారు. 'బీ' అయస్కాంతం దిశ మారింది కాబట్టి, దాని పొరుగున ఉన్న 'ఏ' వేగం కొంచెం మారుతుంది. వెళ్ళినప్పుడు ఒక వేగం, వచ్చేటప్పుడు ఇంకో వేగం. అనుకున్న సమయానికి 'ఏ' స్పిన్‌లన్నీ చేరవు, ఎకో బలం మారుతుంది. 'బీ'ని ఏ క్షణంలో తలకిందులు చేశామో ఆ సమయాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ పోతే, ఎకో ఉయ్యాల ఊగినట్టు పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తుంది. ఆ ఊపు వేగమే దూరాన్ని చెబుతుంది.

లెక్క ఇలా ఉంటుంది:

• దూరం 2 నానోమీటర్లు అయితే, ఊపు సెకనుకు సుమారు 65 లక్షల సార్లు. ఒక ఊపుకు 0.15 మైక్రోసెకను.
• దూరం 4 నానోమీటర్లు అయితే, సెకనుకు సుమారు 8 లక్షల సార్లు. ఒక ఊపుకు 1.2 మైక్రోసెకన్లు.
• దూరం 8 నానోమీటర్లు అయితే, సెకనుకు సుమారు ఒక లక్ష సార్లు. ఒక ఊపుకు దాదాపు 10 మైక్రోసెకన్లు.

దూరం రెండింతలైన ప్రతిసారీ ఊపు ఎనిమిదో వంతుకు పడిపోవడం గమనించండి. జిప్సంలో పేక్ చూసిన సూత్రమే ఇది.

ఈ పద్ధతిని 1981లో సోవియట్ యూనియన్‌లోని నోవోసిబిర్స్క్‌లో మిలోవ్, సలిఖోవ్, షిరోవ్ ప్రకటించారు. వీరిలో కేవ్ సలిఖోవ్ తర్వాత కజాన్‌లో జవోయిస్కీ పేరు మీద ఉన్న భౌతిక సాంకేతిక సంస్థకు సారథ్యం వహించారు. అదే 1981లో అనంతపురంలో శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంటే ఈ పద్ధతి వయసు, మన యూనివర్సిటీ వయసు ఒకటే. 1990ల చివర్లో జర్మనీలోని మైంజ్‌లో హాన్స్ వోల్ఫ్‌గాంగ్ స్పీస్ బృందం మూడు పల్సుల పద్ధతిని నాలుగు పల్సులకు పెంచి, మొదట్లో కొంత భాగం కొలవలేకపోయే లోపాన్ని తీసేసింది. అప్పటి నుంచి ప్రపంచమంతా వాడేది ఆ రూపమే. దీన్ని 'డీర్' అని కొందరు, 'పెల్డార్' అని కొందరు పిలుస్తారు.

ఒక్క అంకె కాదు, అంకెల గుంపు

మిగతా పద్ధతులతో పోలిస్తే దీని ప్రత్యేకత ఇక్కడే ఉంది. ప్రొటీన్ ఆకారం తెలుసుకోవడానికి ఎక్స్-రే స్ఫటిక పద్ధతి, క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్నాయి. ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ లాంటి కృత్రిమ మేధ కూడా ఆకారాన్ని ఊహించి చెబుతోంది. ఆ పనికే 2024లో రసాయన శాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. అవన్నీ ఫొటో లాంటివి. ఇంటి తలుపు ఫొటో చూస్తే తలుపు ఎంత ఉందో, ఏ చెక్కతో చేశారో తెలుస్తుంది. రోజులో ఎంతసేపు తెరిచి ఉంటుంది, ఎంతవరకు తెరుచుకుంటుంది అన్నది ఒక్క ఫొటోలో దొరకదు.

గడ్డకట్టించిన ఆ చుక్కలో కోట్లాది ప్రొటీన్ అణువులు ఉంటాయి. గడ్డకట్టే క్షణానికి ఏది ఏ భంగిమలో ఉందో ఆ భంగిమలోనే ఆగిపోతుంది. అందుకే ఈఎస్ఆర్ కొలత ఒక్క అంకెగా రాదు. ఇన్ని అణువుల్లో దూరం 3 నానోమీటర్లు, ఇన్నింటిలో 4 అని పంపిణీగా వస్తుంది. తలుపు మూసి ఉన్నవి ఎన్ని, తెరిచి ఉన్నవి ఎన్ని, సగం తెరిచినవి ఉన్నాయా అన్నది అందులో చదవవచ్చు.

దీనివల్ల ఏం తెలిసింది?

మొదటి ఉదాహరణ కన్ను. రెటీనాలో రోడాప్సిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. మునగాకు, క్యారెట్, బొప్పాయి లాంటి వాటినుంచి ఒంటికి అందే విటమిన్ ఏ నుంచి తయారైన రెటినాల్ దాని లోపల కూర్చుని ఉంటుంది. వెలుతురు తగలగానే రెటినాల్ ఆకారం మారుతుంది, దాంతో ప్రొటీన్ కూడా మారి మెదడుకు కబురు బయల్దేరుతుంది. రోడాప్సిన్‌లో ఏడు మెలికల స్తంభాలు ఉంటాయి. వెలుతురు పడినప్పుడు ఏ స్తంభం ఎంత కదులుతుంది? హబ్బెల్ బృందం 2008లో డీర్ పద్ధతితో కొలిచి, ఆరో స్తంభం లోపలి కొస సుమారు అర నానోమీటరు బయటికి జరుగుతుందని చూపింది. మనం చూసే ప్రతి వెలుగు వెనుక ఈ అర నానోమీటరు కదలిక ఉంది.

రెండోది మందుల సంగతి. రోడాప్సిన్‌తో ఒకే కుటుంబానికి చెందిన ప్రొటీన్లు మన కణాల పైపొరలో వందల్లో ఉన్నాయి. వీటిని జీపీసీఆర్‌లు అంటారు. వాడుకలో ఉన్న మందుల్లో సుమారు మూడో వంతు వీటి మీదే పని చేస్తాయి. బీపీకి ఇచ్చే అటెనొలాల్, అలర్జీకి వేసుకునే సెట్రిజిన్, ఆస్తమా ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్, మూడూ ఈ కోవలోవే. సాల్బుటమాల్ వెళ్ళి తగిలే బీటా-2 గ్రాహకాన్ని 2015లో డీర్ పద్ధతితో, ఎన్ఎంఆర్‌తో కలిపి పరిశీలించారు. మందు లాంటి అణువు తగలగానే తలుపు పూర్తిగా తెరుచుకుంటుందని అనుకోవడం సహజం. కొలతలో తేలింది వేరు. మందు ఒక్కటే తగిలితే కొన్ని అణువులే తెరిచిన భంగిమకు వస్తాయి, మిగతావి అటూ ఇటూ ఊగుతుంటాయి. కణం లోపలి నుంచి భాగస్వామి ప్రొటీన్ లాంటిది వచ్చి పట్టుకున్నప్పుడే తలుపు పూర్తిగా తెరిచి నిలబడుతుంది. ఒకే గ్రాహకం మీద పని చేసే రెండు మందుల బలం వేరు వేరుగా ఎందుకు ఉంటుందో ఆలోచించడానికి ఇది దారి చూపింది.

మూడోది క్యాన్సర్ వైద్యంలో కుటుంబాలను కుంగదీసే సమస్య. మొదట్లో పని చేసిన కీమో మందు కొన్నాళ్ళకు పని చేయడం మానేస్తుంది. దీనికి చాలా కారణాలు ఉంటాయి. వాటిలో ఒకటి పీ-గ్లైకోప్రొటీన్. ఇది కణం పైపొరలో ఉండే మోటారు పంపు లాంటిది. లోపలికొచ్చిన మందును బయటికి తోడేస్తుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో హసన్ మెకౌరబ్ బృందం 2017లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో ఈ పంపుకు జతలు జతలుగా స్పిన్ లేబుళ్ళు తగిలించి, దశదశకూ దూరాలు కొలిచింది. కణం ఇంధనమైన ఏటీపీని ఖర్చు పెట్టేకొద్దీ పంపు రెండు భాగాల మధ్య దూరం ఎలా మారుతుందో ఆ కొలతల్లో కనిపించింది. పంపు ఎలా తిరుగుతుందో తెలియకుండా దాన్ని ఆపే మందు తయారుచేయడం చీకట్లో రాయి విసరడమే. ఈ కొలతలు చికిత్స కావు. చికిత్స వెతికేవాళ్ళ చేతిలో దీపం లాంటివి.

దీనికున్న హద్దులు

ఏ పద్ధతికైనా హద్దులుంటాయి. దీనివి ముఖ్యంగా నాలుగు.

ఒకటి, దూరపు హద్దు. ఎలక్ట్రాన్లు తమ లయను కొన్ని మైక్రోసెకన్లకు మించి నిలుపుకోలేవు. 8 నానోమీటర్ల దగ్గర ఒక్క ఊపు పూర్తి కావడానికే 10 మైక్రోసెకన్లు కావాలి కదా. చుట్టూ ఉన్న హైడ్రోజన్ల అయస్కాంతత్వమే ఈ లయను చెడగొడుతుంది. అందుకే మామూలు నీటికి బదులు భారజలం వాడతారు, ప్రొటీన్‌లోనూ హైడ్రోజన్లకు బదులు డ్యుటీరియం పెడతారు. ఆ ఏర్పాటుతో 16 నానోమీటర్ల వరకు కొలిచిన సందర్భాలున్నాయి. మరీ దగ్గరగా, 1.5 నానోమీటర్ల లోపు ఉంటే మాత్రం వేరే పద్ధతులు వాడాలి.

రెండు, లేబుల్ కూడా ఒక చిన్న చేయి లాంటిది, అటూ ఇటూ ఊగుతుంది. మనం కొలిచేది రెండు ఎలక్ట్రాన్ల మధ్య దూరం. ప్రొటీన్ వెన్నెముక మధ్య దూరం తెలియాలంటే ఆ చేతి పొడవును లెక్కలోంచి తీసేయాలి.

మూడు, లేబుల్ తగిలించడం వల్ల ప్రొటీన్ పనే చెడిపోయి ఉండవచ్చు. అందుకే లేబుల్ పెట్టాక కూడా అది మామూలుగా పని చేస్తోందా లేదా అని ముందు పరీక్షించాలి. ఆ పరీక్ష లేని కొలతకు విలువ లేదు.

నాలుగు, గడ్డకట్టించి కొలుస్తున్నాం కాబట్టి కదలికను నేరుగా చూడటం లేదు. ఆగిపోయిన భంగిమల లెక్క నుంచి కదలికను ఊహిస్తున్నాం. ఒక్కో జతకు ఒక్కో దూరమే వస్తుంది కనుక, మొత్తం కథ తెలియాలంటే ఎన్నో జతలు తయారుచేసి, ఒక్కోదానికి గంటల తరబడి కొలత తీయాలి.

వజ్రంలో ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్

తొలకరి వానలు పడగానే వజ్రకరూరు, దాని చుట్టుపక్కల పొలాల్లో వజ్రాల కోసం జనం నేల గాలించే దృశ్యం అనంతపురం, కర్నూలు జిల్లాల వాళ్ళకు కొత్త కాదు. భూగర్భం లోతుల్లోంచి కింబర్లైట్ అనే రాయితో పాటు పైకొచ్చిన వజ్రాలు ఆ ప్రాంతానికి పేరే తెచ్చాయి.

వజ్రం అంటే అంతా కార్బనే. కానీ చాలా వజ్రాల్లో అక్కడక్కడ కార్బన్ స్థానంలో నైట్రోజన్ చేరి ఉంటుంది. నైట్రోజన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ. అది జోడీ లేకుండా మిగిలిపోతుంది. 1959లో అమెరికా శాస్త్రవేత్తలు ఈఎస్ఆర్‌తోనే ఆ ఒంటరి ఎలక్ట్రాన్‌ను వజ్రంలో గుర్తించారు. నగల వ్యాపారి దృష్టిలో నైట్రోజన్ పసుపు రంగు తెచ్చే మచ్చ. గోల్కొండ వజ్రాలకు అంత పేరు రావడానికి వాటిలో చాలావాటికి నైట్రోజన్ దాదాపు లేకపోవడం, ఆ నీళ్ళలాంటి స్వచ్ఛత ఒక కారణం.

నగల వ్యాపారి వద్దనుకున్న ఆ మచ్చే శాస్త్రవేత్తకు పనికొచ్చింది. నైట్రోజన్ పక్కనే ఒక కార్బన్ ఖాళీ ఉంటే, దాన్ని ఎన్‌వీ కేంద్రం అంటారు. దాని మీద ఆకుపచ్చ లేజర్ వేస్తే ఎర్రగా మెరుస్తుంది. చుట్టూ ఉన్న అయస్కాంత ప్రభావాన్ని బట్టి ఆ మెరుపు మారుతుంది. అంటే ఒక్క ఎలక్ట్రాన్ స్పిన్‌ను వెలుతురుతో చదవవచ్చు, అదీ మామూలు గది ఉష్ణోగ్రతలో. 2015లో చైనా సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు స్పిన్ లేబుల్ తగిలించిన ప్రొటీన్‌ను వజ్రం ఉపరితలం మీద ఉంచి, ఒకే ఒక్క ప్రొటీన్ అణువు ఈఎస్ఆర్ సంకేతాన్ని పట్టుకున్నారు. పాత పద్ధతికి కోట్లాది అణువులు కావాలి, ఇక్కడ ఒక్కటి చాలు. ఇందుకు వాడేది పొలంలో దొరికిన వజ్రం కాదు. నైట్రోజన్ ఎంత ఉండాలో లెక్కగా పెట్టి ల్యాబులో పెంచిన వజ్రం. అయినా అందులో ఉన్న గుణం మాత్రం వజ్రకరూరు వజ్రంలోదే.

మన పిల్లలు ఈ దారిలో వెళ్ళాలంటే

రాయలసీమకు ఈఎస్ఆర్ కొత్త కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ జె. లక్ష్మణరావు బృందం గాజుల్లో, ఖనిజాల్లో ఉండే రాగి, మాంగనీసు, ఇనుము అయాన్లను ఈ పద్ధతితో పరిశీలించి ఎన్నో పరిశోధన పత్రాలు వెలువరించింది. అది దూరాలు కొలిచే పల్స్ పద్ధతి కాదు, నిరంతరంగా మైక్రోవేవ్ పంపే పాత పద్ధతి. కానీ పునాది అదే. దాన్ని నేర్చుకున్నవాళ్ళకు డీర్ అర్థం కావడం కష్టం కాదు.

పరికరం ఖరీదు కోట్లలో ఉంటుంది కాబట్టి ప్రతి కాలేజీలో ఉండదు. అందుకే ఐఐటీ మద్రాస్, ఐఐటీ బాంబే లాంటి చోట్ల ఉన్న సైఫ్ కేంద్రాలు బయటి కాలేజీల నమూనాలను కూడా ఫీజు తీసుకుని ఈఎస్ఆర్ పరీక్ష చేసి పెడతాయి. అనంతపురంలో ఎమ్మెస్సీ చదివే విద్యార్థి కూడా గైడ్ ద్వారా నమూనా పంపవచ్చు.

చదువు దారి ఇది. ఇంటర్‌లో ఎంపీసీ గానీ బైపీసీ గానీ, ఆ తర్వాత బీఎస్సీలో భౌతిక, రసాయన లేదా జీవ రసాయన శాస్త్రం. ఎమ్మెస్సీ కోసం జామ్ లేదా సీయూఈటీ-పీజీ పరీక్ష. పీహెచ్‌డీ కోసం సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే పరిశోధన చేసేటప్పుడు నెలనెలా ఫెలోషిప్ అందుతుంది, ఇంటి మీద భారం పడదు. అమ్మాయిలను డిగ్రీతో ఆపేయాలా, దూరం పంపాలా అని ఆలోచించే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకుని ఉంటే మంచిది.

తరచుగా వచ్చే సందేహాలు

ఇది ఆసుపత్రిలో చేసే పరీక్షా?
కాదు. మనిషిని ఈ యంత్రంలో పెట్టరు. గాజు గొట్టంలో ప్రొటీన్ నమూనా పెడతారు. రక్తపరీక్ష ఈఎస్ఆర్‌తో దీనికి పేరు తప్ప ఏ సంబంధమూ లేదు.

ఎంఆర్ఐ, ఇది ఒకటేనా?
బంధువులు అనుకోవచ్చు. రెండింటిలోనూ అయస్కాంతం, తరంగాలు ఉంటాయి. ఎంఆర్ఐ ఒంట్లోని నీటి ప్రోటాన్లను చూస్తుంది. ఈఎస్ఆర్ ఒంటరి ఎలక్ట్రాన్లను చూస్తుంది.

ఇందులో ఎక్స్-రే లాంటి రేడియేషన్ ఉంటుందా?
ఉండదు. వాడేది మైక్రోవేవ్, అదీ మూసి ఉన్న లోహపు గూటి లోపల.

'నానో', 'స్పిన్', 'ఎనర్జీ' అని రాసి అమ్మే లాకెట్లు, నీళ్ళ సీసాలకు దీనితో సంబంధం ఉందా?
లేదు. నానోమీటర్ల దూరం కొలవాలంటే అయస్కాంతం, మైక్రోవేవ్, మైనస్ 223 డిగ్రీల చలి, గంటల తరబడి కొలత కావాలి. మెడలో వేసుకునే బిళ్ళ ఆ పని చేయదు. ఆ డబ్బు పిల్లల పుస్తకాలకు ఖర్చు పెట్టడం మేలు.